నిమ్మకాయ లేకుండా గిబ్ రివర్ రోడ్డు మీద

"దీన్ని కూడా ఇచ్చేయాలి" అంటూ చెక్‌పోస్టులో ఉన్న అమ్మాయి మా కారు ముందు బంపర్ వైపు చెయ్యి చూపించింది.

నార్తర్న్ టెరిటరీ దాటి వెస్టర్న్ ఆస్ట్రేలియాలోకి అడుగుపెట్టే చోటు అది. అవతల పంటలకి పురుగు, తెగులు సోకకుండా ఇక్కడ ప్రతి బండినీ ఆపి చూస్తారు. పండ్లు, పచ్చికూరగాయలు, తేనె పట్టుకెళ్ళనివ్వరు. ఆ సంగతి ముందే తెలుసు కాబట్టి ముందురోజు రాత్రి టింబర్ క్రీక్ క్యాంపులో నేను చేసిన పని వంట కాదు, యజ్ఞం. మిగిలిన టమాటాలన్నీ పచ్చడి చేశాను. వంకాయలు వేయించేశాను. డార్విన్‌లో మా పెరటి చెట్టు నుంచి కోసుకొచ్చిన కరివేపాకంతా నూనెలో కరకరలాడించి, ఎండుమిరపకాయలు, ఉప్పు వేసి చేత్తోనే నలిపి డబ్బాలో పోశాను. పక్క గుడారం పెద్దాయన రెండుసార్లు తుమ్మి, మూడోసారి కుర్చీ తీసుకుని దూరంగా వెళ్ళిపోయాడు.

ఎస్కీ (తిండి చల్లగా ఉంచే పెట్టె) మూత తీసి చూపించాను. అన్నీ వండినవే. పోపుల పెట్టె కూడా తెరిచి చూసింది, సరే అంది. ఇంక బయల్దేరదాం అనుకుంటుండగా బంపర్ మీద చూపు పడింది. ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు, నల్ల దారం. డార్విన్‌లో బయల్దేరే ముందు నాన్న కట్టిన దిష్టి. దాదాపు 800 కిలోమీటర్ల దుమ్ము కొట్టుకుని నిమ్మకాయ బంగాళదుంపలా అయింది గానీ, నిమ్మకాయ నిమ్మకాయేగా.

నాన్న దిగి, ముడి విప్పి, ఆ అమ్మాయి పట్టుకున్న డబ్బాలో వేశాడు. "బదులుగా ఇంకేమన్నా కట్టుకోనిస్తారేమో అడగవే" అన్నాడు నాతో. నేను అడగలేదు. అక్కణ్ణుంచి కునునుర్రా దాకా 40 కిలోమీటర్లు ఆయన నోరు విప్పలేదు. సరిహద్దు దాటగానే గడియారం గంటన్నర వెనక్కి వెళ్తుంది. "అయితే మేం ఇంకా మధ్యాహ్నం అన్నం తినలేదు" అని పిల్లలిద్దరూ ఆనందంగా లెక్క తేల్చారు.

నాన్న గురించి చెప్పాలి. నందిగామలో ఉంటాడు. ఆయన 31 ఏళ్ళు లారీ తోలాడు, ఎక్కువ కలకత్తా లైను. కరోనా వల్ల ఆస్ట్రేలియా తలుపులు రెండేళ్ళు మూసుకుపోయాయి, 2022లో తెరుచుకున్నాక ఆయన్ని రమ్మన్నాం. తమ్ముడి భార్య పురుడు ఉండటంతో అమ్మ రాలేదు. డార్విన్‌లో నెల రోజులకే నాన్నకి తోచడం మానేసింది. పొద్దున్నే మెయిన్‌రోడ్డు దాకా నడిచి వెళ్ళి రోడ్ ట్రెయిన్లని చూస్తూ నిలబడేవాడు. ఒక్క ఇంజను, వెనక మూడు ట్రెయిలర్లు, మొత్తం 53 మీటర్ల పైన పొడవు. ఇంటికొచ్చి "దాన్ని రివర్స్ ఎలా తీస్తార్రా?" అని నా పదకొండేళ్ళ కొడుకుని అడిగేవాడు, వాడేదో తోలుతున్నట్టు.

జులైలో స్కూళ్ళకి సెలవులు. మా ఆయనకి ఎప్పటినుంచో గిబ్ రివర్ రోడ్డు పిచ్చి. కునునుర్రా అవతల మొదలై డెర్బీ దాకా 660 కిలోమీటర్లు, చాలావరకు మట్టి, కంకర. పశువుల స్టేషన్ల నుంచి, అంటే పశువుల్ని పెంచే పెద్ద పెద్ద భూముల నుంచి, ఎడ్లని ఓడరేవులకి చేర్చడానికి వేసిన దారి. వానాకాలంలో వాగులు పొంగి మూసేస్తారు. మే నుంచి అక్టోబరు మధ్యలోనే వెళ్ళాలి. మధ్యలో పెద్ద ఊళ్ళు లేవు, ఫోన్ సిగ్నల్ దాదాపు లేదు. రాను పోను, మలుపులతో కలిపి మాకు దాదాపు 3,500 కిలోమీటర్లు, పన్నెండు రోజులు పట్టింది.

బయల్దేరే ముందు నా భయాలన్నీ మొసళ్ళ చుట్టూనే తిరిగాయి. రాత్రిళ్ళు పడుకుని మొసళ్ళ గురించే చదివేదాన్ని. అక్కడ రెండు రకాలు. ఉప్పునీటి మొసలి పెద్దది, మనిషిని లాక్కెళ్తుంది. పేరు ఉప్పునీటిదే గానీ సముద్రం నుంచి చాలా దూరం నదుల్లోకీ వస్తుంది. మంచినీటి మొసలి ముట్టె సన్నగా ఉంటుంది, చేపలు తింటుంది, మనం జోలికెళ్ళకపోతే మన జోలికి రాదంటారు. ఆరేళ్ళ పిల్లకి ఈ తేడా ఎలా నేర్పాలా అని నా టెన్షన్. మా ఆయన శాటిలైట్ ఫోన్ అద్దెకి తెచ్చాడు, 60 లీటర్ల నీళ్ళు, డీజిల్ క్యాన్లు, రెండు స్టెప్నీలు సర్దాడు. నాన్న అడిగింది ఒక్కటే. "దారిలో టైరు షాపులు ఎక్కడెక్కడున్నాయి?"

లేవని చెప్పాం. ఆ సాయంత్రమే వెళ్ళి నిమ్మకాయ కొనుక్కొచ్చాడు.

తారు రోడ్డు అయిపోయిన చోట మా ఆయన బండి ఆపి టైర్లలో గాలి తీయడం మొదలుపెట్టాడు. నలభై ఉన్నదాన్ని ఇరవై ఎనిమిదికి దించుతున్నాడు. నాన్న చూడలేకపోయాడు. దగ్గరికెళ్ళి, "అల్లుడుగారూ, లోడు బండికి ఎవరన్నా గాలి తీస్తారా? పక్కలు వేడెక్కి పేలిపోద్ది" అన్నాడు. మా ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఈ రోడ్డంతా అలలు అలలుగా ఉంటుంది, రేకుల షెడ్డు కప్పు మీద తోలినట్టే. బండ్ల చక్రాలు ఎగిరెగిరి పడటం వల్లే ఆ గాడులు పడతాయి. గాలి తక్కువుంటే టైరు మెత్తబడి ఆ దెబ్బలు తను పుచ్చుకుంటుంది, రాయి మీదికెక్కినా చీలకుండా వంగుతుంది. కాకపోతే నెమ్మదిగా వెళ్ళాలి.

"ఎంత నెమ్మది?"

"అరవై, మహా అయితే."

"అట్లయితే మంచిదే. అరవై దాటకుండా తోలగలరా మరి?" అన్నాడు నాన్న. మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. మొత్తం ప్రయాణంలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే అని అప్పుడు తట్టలేదు.

ఆ రోడ్డు మీద మొదటి రెండు రాత్రులు ఎల్ క్వెస్ట్రో స్టేషన్‌లో గడిపాం. అక్కడ జెబెడీ అనే వెచ్చటి ఊటలున్నాయి, తాటిజాతి చెట్ల నీడలో రాళ్ళ గుంటలు. మధ్యాహ్నం పన్నెండుకి మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్ళాలి. నాన్న పంచె కట్టుకునే దిగి కూర్చున్నాడు, లేవమంటే లేవలేదు.

తర్వాత పెంటెకోస్ట్ నది. వంతెన లేదు. నీళ్ళలోంచే దాటాలి. మన దగ్గరైతే ఒకడు ముందు దిగి నడిచి లోతు చూస్తాడు. ఇక్కడ ఆ పని చేయకూడదు, ఉప్పునీటి మొసళ్ళుంటాయి. కాబట్టి గట్టున ఆగి ఇంకో బండి దాటేదాకా చూస్తూ కూర్చోవాలి. ఇరవై నిమిషాలకి ఒకటి వచ్చింది. నీళ్ళు దాని చక్రాల సగం దాకా కూడా రాలేదు. నాన్న మాత్రం నీళ్ళని కాదు, ఆ బండి ఎక్కడెక్కడ ఎగిరిందో చూస్తున్నాడు. "ఎడంపక్క పెద్ద బండరాయి ఉంది, కుడికి పట్టు" అన్నాడు. లో గేర్‌లో, ఆపకుండా, కుడికి పట్టి దాటాం. నేను అద్దాలు ఎత్తించి కూతురి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అది "అమ్మా, మొసలి కంటే నువ్వే గట్టిగా పట్టుకున్నావు" అంది. అవతలి గట్టు నుంచి వెనక్కి చూస్తే కాక్‌బర్న్ కొండలు పొడవాటి గోడలా ఎర్రగా నిలబడి ఉన్నాయి.

నా భయం అక్కడితో అయిపోయింది. అసలు బాధ ఆ తర్వాతే మొదలైంది.

ఆ అలల రోడ్డు మీద అరవైలో పోతుంటే ఏమవుతుందో రాతలో చెప్పడం కష్టం. మాట వణుకుతుంది. అద్దం స్క్రూలు ఊడతాయి. నీళ్ళ సీసా మూతలు వాటంతట అవే తిరిగి ఊడొస్తాయి. నా ఉప్మారవ్వ డబ్బా మూత లేచిపోయి, వెనకున్న పక్కబట్టల నిండా రవ్వ. దుమ్ము ఎర్రగా, గోధుమపిండి అంత మెత్తగా ఉంటుంది, మూసిన తలుపుల్లోంచే వస్తుంది. మూడో రోజుకి మా అందరి కనుబొమ్మలూ ఒకే రంగు. అయితే ఎనభైకి పోతే ఒక వింత జరుగుతుంది. చక్రం గాడిలోకి దిగేలోపే తర్వాతి గట్టు మీదికి వెళ్ళిపోతుంది, కుదుపు తగ్గి బండి తేలినట్టు పోతుంది. హాయిగా ఉంటుంది. బ్రేకు మాత్రం పట్టదు, మెత్తబడ్డ టైరు కాలిపోతుంది. మా ఆయన హాయికి లొంగిపోయాడు.

ఎల్లెన్‌బ్రే స్టేషన్‌లో స్కోన్లు చేసి అమ్ముతారు. బన్నుకీ బిస్కెట్టుకీ మధ్యరకం, జామ్, క్రీమ్ పెట్టుకుని తింటారు. ఆ అడవిలో వేడివేడిగా అవి దొరకడమే విచిత్రం కాబట్టి దారినపోయేవాళ్ళంతా ఆగుతారు. మేం తింటుంటే నాన్న ప్లేటు అక్కడే పెట్టి బండి చుట్టూ తిరిగి ఒక్కో టైరు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. వెనక ఎడమ టైరు దగ్గర చెయ్యి ఠక్కున తీసేశాడు.

"ఎనభై తోలుతున్నారు కదూ" అన్నాడు.

"అరవైలో పళ్ళు ఊడిపోతున్నాయి మావయ్యా."

నాన్న ఇంకేమీ అనలేదు. అల్లుణ్ణి అంతకంటే అనడం ఆయన పద్ధతి కాదు.

గంట తర్వాత ఆ టైరే పోయింది. పేలిన చప్పుడేమీ రాలేదు. వెనక ఎవరో గోనెసంచి ఈడుస్తున్నట్టు ఒక మోత, బండి ఎడమకి లాగడం, అంతే. దిగి చూస్తే పక్కన జానెడు చీలిక, అంచులు నల్లగా కమిలి ఉన్నాయి. మధ్యాహ్నం రెండు. నీడలేదు. ఈగలు కళ్ళలోకీ ముక్కుల్లోకీ.

ఇక్కణ్ణుంచి బండి నాన్న చేతిలోకి వెళ్ళిపోయింది. ఎవరూ అప్పగించలేదు, అలా జరిగిపోయింది. నా కొడుకుని క్లీనర్ని చేశాడు. "ముందు చక్రాల వెనక రాళ్ళు పెట్టరా. నట్లు ముందు లూజు చెయ్యాలి, జాకీ ఎత్తాక కాదు. ఎత్తాక తిప్పితే చక్రమే తిరుగుద్ది." వాడు స్పానర్ మీద ఎక్కి నిలబడి గెంతితే ఒక్కో నట్టూ కీచుమని కదిలింది. జాకీ పెట్టి ఎత్తడం మొదలుపెట్టారు. బండి లేవలేదు, జాకీయే దుమ్ములోకి దిగిపోయింది. తీసి పక్కన పెట్టారు, అక్కడా దిగిపోయింది.

"అడుగున చెక్క కావాలి" అన్నాడు నాన్న.

శాటిలైట్ ఫోన్ ఉంది. మూడు రకాల పాముకాటు కట్లు ఉన్నాయి. చెక్క లేదు. చుట్టూ అంత అడవిలో పనికొచ్చే ముక్క ఒక్కటీ కనిపించలేదు, చెదలు తిన్న గుల్ల కొమ్మలు తప్ప. నాన్న చూపు నా వంట పెట్టె మీద పడింది. నేను వద్దనేలోపే చపాతీ పీట బయటికొచ్చింది. మా అత్తగారు ఇచ్చిన మామిడి చెక్క పీట, రెండంగుళాల మందం. అడుగున మట్టి చదును చేసి, దాన్ని వేసి, మీద జాకీ పెట్టాడు. ఒక్కో తిప్పుకీ పీట కిర్రుమంటుంటే నా ప్రాణం కిర్రుమంది. విరగలేదు. రెండు టన్నుల పైన ఉన్న బండిని మోసింది.

ఆ గంటలో నాలుగు బండ్లు వెళ్ళాయి, మొదటి మూడూ ఆగాయి. "అంతా బాగేనా? నీళ్ళున్నాయా?" అని అడిగాకే కదిలారు. ఒక ముసలి జంట ఫ్లాస్కు తీసి టీ పోశారు, పాలు, చక్కెర లేనిది. నాన్న మర్యాదకి తాగాడు. నాలుగోది పశువుల రోడ్ ట్రెయిన్. అది ఆగలేదు, అంత బండి ఆగడం తేలిక కూడా కాదు. నాన్న స్పానర్ పట్టుకుని నిలబడి చెయ్యెత్తాడు, డ్రైవర్ పలకరింపుగా ఒక్క వేలు లేపాడు. తర్వాత చాలాసేపు మాకు ఒకళ్ళకొకళ్ళం కనపడలేదు.

స్టెప్నీ బిగించాక, చేతులు కడుక్కుంటూ నాన్న నా వైపు చూసి నెమ్మదిగా అన్నాడు, "నిమ్మకాయ తీయించారుగా."

"నిమ్మకాయ కాదు మావయ్యా, ఎనభై" అన్నాడు మా ఆయన.

అప్పటినుంచి డెర్బీ దాకా యాభై అయిదు. పిల్లలు వంతులు వేసుకుని మీటరు చూసేవాళ్ళు. ముల్లు కాస్త పైకెళ్తే చాలు, "నాన్నా, అరవై రెండు!" అని వెనకనుంచి కేక. ఆ రాత్రి చపాతీలు ఒత్తుతుంటే ప్రతిదాని మధ్యలో గుండ్రటి జాకీ అచ్చు పడింది. అదిప్పటికీ పడుతోంది.

మౌంట్ బార్నెట్ రోడ్‌హౌస్‌లో డీజిల్ పోయించుకుని, ధర చూసి కాసేపు మాట్లాడుకోలేదు. దాని వెనక మ్యానింగ్ గోర్జ్, అంటే కొండల మధ్య ఇరుకు లోయ. జలపాతం దగ్గరికి నడవాలంటే ముందు మడుగు దాటాలి, ఈదైనా, తాడు పట్టి లాగే చిన్న రేకు పడవ మీదైనా. నాన్న ఆ పడవ చూసి "ఇది మన ముక్త్యాల బల్లకట్టే" అని తాడు అందుకున్నాడు. మమ్మల్ని దాటించి, మా వెనకాల వచ్చిన ఎవరెవరినో కూడా దాటించి, గంట తర్వాత గానీ జలపాతం గుర్తురాలేదు. నేను మొదటిసారి నీళ్ళలో దిగింది అక్కడే, అదీ చాలామంది ఈదుతుండగా చూశాక.

బెల్ గోర్జ్ గురించి ఎవరైనా రాస్తారు, అంత అందంగానూ ఉంటుంది. నాకు ఎక్కువ గుర్తున్నది చలి. పగలు ముప్పై డిగ్రీల పైన ఉన్న చోట రాత్రి పళ్ళు కొట్టుకున్నాయి. మేం పల్చటి దుప్పట్లు తెచ్చుకున్నాం. నాన్న ఒక్కడే హాయిగా నిద్రపోయాడు, మంకీ క్యాప్ పెట్టుకుని. "ఉష్ణదేశానికి మంకీ క్యాప్ ఎందుకు నాన్నా" అని సర్దేటప్పుడు నేనే వెటకారం చేశాను.

విండ్జానా గోర్జ్‌లో చివరికి మొసళ్ళని చూశాం. ఇసుకతిన్నె మీద మంచినీటి మొసళ్ళు, ఎండబెట్టిన దుంగల్లా, లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పై దగ్గర మానేశాం. నోళ్ళు తెరుచుకుని పడుకున్నాయి. మమ్మల్ని అసలు పట్టించుకోలేదు. నెలరోజులు నిద్ర మానుకుని చదివినదానికి కాస్త అవమానంగా కూడా అనిపించింది. చుట్టూ నిలబడ్డ సున్నపురాయి గోడలు కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పెరిగిన దిబ్బలట. ఇప్పుడు దరిదాపుల్లో సముద్రం లేదు.

అక్కడికి దగ్గర్లోనే టన్నెల్ క్రీక్. కొండ కింద 750 మీటర్ల గుహ, మోకాలి లోతు నీళ్ళలో టార్చ్ వేసుకుని నడవాలి. పైన గబ్బిలాలు. బునుబా జాతివాడైన జండమర్ర దాక్కున్న చోటు ఇది. మొదట పోలీసులకి జాడలు పట్టే పని చేసినవాడు. 1894లో, గొలుసులతో కట్టేసిన తన వాళ్ళని విడిపించి, పోలీసు మీద తుపాకీ ఎత్తి, ఈ కొండల్లోంచి రెండేళ్ళకి పైగా పోరాడాడు. 1897 ఏప్రిల్లో ఇక్కడే చంపేశారు. నేను బోర్డు చదివి చెబుతుంటే నాన్న "మన అల్లూరి లాంటోడన్నమాట" అన్నాడు. ఆ వారమే భీమవరంలో అల్లూరి విగ్రహం ఆవిష్కరించారు, బయల్దేరిన రోజు ఫోన్లో ఆ వీడియో చూశాడాయన. గుహ మధ్యలో టార్చ్ ఆర్పమన్నాడు. ఆర్పాం. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. నా కూతురు వద్దని ఏడ్చేదాకా అలాగే నిలబడ్డాం.

డెర్బీలో బోవాబ్ చెట్లు వీధుల్లోనే ఉంటాయి, సీసాల్లా ఉబ్బిన మొదళ్ళతో. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు గోల్కొండ నయాఖిల్లాలో చూసిన హతియాన్ చెట్టు గుర్తొచ్చింది. అదీ ఇదీ ఒకే జాతి కుటుంబం. నాన్నని చెట్టు పక్కన నిలబెట్టి ఫోటో తీద్దామంటే కనపడలేదు. సూపర్‌మార్కెట్లోంచి కాగితం సంచితో వస్తున్నాడు. ఒక నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు. నల్ల దారం లేదు కాబట్టి నా కుట్టుపెట్టెలోంచి నీలం దారం. రాష్ట్రం లోపలే ఉన్నాం కదా, ఇక్కడెవరూ అడగరు అని ఆయనే రూల్ చెప్పాడు. మా ఆయన కిందికి వంగి ముడి వెయ్యడానికి పట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణం తారు రోడ్డు మీద, ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ మీదుగా. అక్కడ నది మీద పాత వంతెన, ఒక్క వరుసే. ఎదురుగా రోడ్ ట్రెయిన్ వస్తుంటే ఆగి దారిచ్చాం. నాన్న దిగి, అది దాటేదాకా నిలబడి చూశాడు.

ఆయన సెప్టెంబర్‌లో ఇండియా వెళ్ళిపోయాడు. 2023 జనవరిలో ఎల్లీ తుఫాను వానలకి ఫిట్జ్‌రాయ్ నది దాదాపు 16 మీటర్ల దాకా వచ్చి ఆ వంతెనని విరగ్గొట్టేసింది. వీడియో నాన్నకి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"మనం ఆగిందేనా?"

"అదే నాన్నా."

"మరి ఆ లారీలు ఎట్లా పోతున్నాయి?"

దక్షిణం నుంచి దేశమంతా చుట్టి రావాల్సి వస్తోందని, వేల కిలోమీటర్లు ఎక్కువని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"అదనపు రోజులకి డ్రైవర్లకి బత్తా ఇస్తున్నారంటనా?" అన్నాడు.